స్లీవ్ తరువాత తిరిగి పెరిగిన బరువు: రివిజన్ శస్త్రచికిత్సకు బీమా అనుమతి పొందిన ఒక కేసు

బరువు తగ్గించే (బేరియాట్రిక్) శస్త్రచికిత్స చేయించుకున్న కొన్నేళ్లకు బరువు తిరిగి పెరిగినవారు మొదటిదాన్ని సరిదిద్దే లేదా మార్చే రెండో శస్త్రచికిత్సకు (రివిజన్) బీమా కోరినప్పుడు, దరఖాస్తు తరచుగా తిరస్కరణకు గురవుతుంది. ఇక్కడ వివరిస్తున్న కేసులోనూ అదే జరిగింది. అయినా చివరకు అనుమతి లభించింది. ఆ రెండు నిర్ణయాల మధ్య రోగి శరీరంలో మారినదేమీ లేదు, మారినదల్లా ఫైలు. బీమా సంస్థ ముందు ‘బరువు పెరిగింది’ అన్న మాటకు దాదాపు విలువ ఉండదు. ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు పరీక్షల్లో కనిపించే జవాబు ఉండాలి, ఆ జవాబు పాలసీలోని ఏ వాక్యానికి సరిపోతుందో వేలుపెట్టి చూపాలి. బేరియాట్రిక్ శస్త్రచికిత్సకుడిగా ఈ పని చేసే తోటి వైద్యులకూ, ఫైళ్లు తయారుచేసే సిబ్బందికీ, రోగులకూ ఉపయోగపడుతుందని ఈ కేసును పూర్తిగా రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకుని, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

రోగి చరిత్ర

ఆమె వయసు 46 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు. తొమ్మిదేళ్ల కిందట మరొక ఆసుపత్రిలో స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ జరిగింది. అంటే జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తొలగించి, మిగిలిన భాగాన్ని సన్నని గొట్టంలా మిగిల్చే శస్త్రచికిత్స. అప్పుడు ఆమె బరువు 112 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 43.8. ఏడాదిన్నర గడిచేసరికి బరువు 74 కిలోలకు, బీఎంఐ 28.9కి దిగింది. మధుమేహానికి మందులు ఆపేశారు, రక్తపోటుకు ఒక్క మాత్ర మిగిలింది. ఏ కొలమానంతో చూసినా మొదటి శస్త్రచికిత్స విజయవంతమైనట్టే.

నాలుగో ఏడాది నుంచి బరువు మెల్లగా పెరగసాగింది. మా దగ్గరికి వచ్చేసరికి 98 కిలోలు, బీఎంఐ 38.3. తగ్గిన 38 కిలోల్లో 24 తిరిగి వచ్చాయన్నమాట. మధుమేహం తిరగబెట్టి, రెండు మందులు వాడుతున్నా, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 8.1 ఉంది. నిద్ర పరీక్షలో గంటకు 34 సార్లు శ్వాస ఆగడమో సన్నగిల్లడమో నమోదైంది. ఈ సంఖ్య 30కి చేరితేనే స్లీప్ అప్నియాను తీవ్రమైనదిగా లెక్కిస్తారు.

మొదటి సంప్రదింపులో ఆమె చాలాసేపు బరువు గురించే మాట్లాడారు. “దేవుడిచ్చిన అవకాశాన్ని నేనే పాడుచేసుకున్నాను డాక్టర్ గారూ” అన్నారు. ఛాతీలో మంట ఉందా అని నేను అడిగాకే చెప్పారు: మూడు దిండ్లు వేసుకుని దాదాపు కూర్చున్న భంగిమలోనే నాలుగేళ్లుగా నిద్రపోతున్నారు, పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయి, రాత్రి దగ్గుతో రెండు మూడుసార్లు మెలకువ వస్తుంది. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నారు. ఇదంతా బరువుకు సంబంధం లేని వేరే జబ్బని ఆమె అనుకున్నారు. అంతకు ముందు చూసిన వైద్యులూ వేరుగానే చూశారు. ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే.

బరువు తిరిగి పెరిగిన ప్రతి రోగీ తనను తాను నిందించుకుంటూనే వస్తారు గనుక ఒక విషయం ఇక్కడే చెప్పాలి. స్థూలకాయం దీర్ఘకాలిక వ్యాధి, శస్త్రచికిత్స దాన్ని అదుపు చేస్తుంది గాని మూలంతో పెకలించదు. స్వీడన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి పరిశీలించిన ‘స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్’ అధ్యయనంలో గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయంలో చిన్న సంచిని మిగిల్చి నేరుగా పేగుకు కలిపే శస్త్రచికిత్స) చేయించుకున్నవారి బరువు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గి, పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. కొంత బరువు తిరిగి రావడం శరీరధర్మం. ఆకలి పుట్టించే హార్మోన్లు సర్దుకుంటాయి, బరువు తగ్గిన శరీరం తక్కువ శక్తితో బతకడం నేర్చుకుంటుంది. అయితే తగ్గిన దానిలో సగానికి మించి తిరిగి వచ్చి, పోయిన జబ్బులు కూడా వెంట వచ్చినప్పుడు దాన్ని శరీరధర్మంగా సరిపెట్టుకోకూడదు, కారణం వెతకాలి.

తిరస్కరణ లేఖలో ఏముంది

ఆమె వచ్చేటప్పుడే తిరస్కరణ లేఖను వెంట తెచ్చారు. అంతకు ముందు వేరొక క్లినిక్ నుంచి వెళ్లిన దరఖాస్తులో బరువుల పట్టిక, ‘బరువు తిరిగి పెరిగినందున రివిజన్ శస్త్రచికిత్స అవసరం’ అన్న ఒక పేరా లేఖ తప్ప మరేమీ లేవు. బీమా సంస్థ మూడు కారణాలు చూపింది. పాలసీ ప్రకారం ఒక సభ్యునికి జీవితకాలంలో ఒక్క బేరియాట్రిక్ శస్త్రచికిత్సే వర్తిస్తుంది. రికార్డుల ప్రకారం ఆహార నియమాలు పాటించకపోవడం వల్లే బరువు పెరిగింది. వైద్యుల పర్యవేక్షణలో ఆరు నెలల పాటు బరువు తగ్గే ప్రయత్నం చేసినట్టు ఆధారం లేదు.

తిరస్కరణ లేఖలో ఉండేది పాలసీ సారాంశమే, పాలసీ కాదు. కాబట్టి పూర్తి పాలసీ పత్రాన్నీ, ఆ నిర్ణయానికి వాడిన వైద్య ప్రమాణాల పత్రాన్నీ రాతపూర్వకంగా కోరమని రోగికి చెప్పాం. పత్రం వచ్చాక జీవితకాల పరిమితి ఉన్న పేజీ చూశాం, లేఖలో చెప్పినట్టే ఉంది. కానీ తరువాతి పేజీలో, ‘సమస్యలు’ అనే వేరే శీర్షిక కింద మరో వాక్యం ఉంది: మునుపటి శస్త్రచికిత్స వల్ల ఏర్పడిన సమస్యను సరిదిద్దడానికి వైద్యపరంగా అవసరమైన శస్త్రచికిత్సకు ఆ పరిమితి వర్తించదు. తిరస్కరణ లేఖలో ఈ వాక్యం ప్రస్తావన లేదు. ఉండాల్సిన అవసరమూ వారికి కనిపించి ఉండదు, ఎందుకంటే వారి చేతికి వెళ్లిన దరఖాస్తులో ‘సమస్య’ అన్న మాటే లేదు.

అప్పీలు చేయాలా, కొత్తగా దరఖాస్తు చేయాలా అన్నది ఆ రోజు తేల్చుకోవలసిన ప్రశ్న. అప్పీలుకు గడువు ఉంది. అయితే అప్పీలంటే ఉన్న ఫైలు మీద నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడగడం. ఖాళీ ఫైలుతో అప్పీలుకు వెళితే రెండో తిరస్కరణ కూడా రికార్డులో చేరుతుంది, అప్పీలు అవకాశాల్లో ఒకటి వృథా అవుతుంది. అందుకని పాత తిరస్కరణను అలా వదిలేసి, పరీక్షలన్నీ పూర్తిచేసి, ఆరు నెలల షరతు నెరవేర్చి, కొత్త దరఖాస్తు పెట్టాలని నిర్ణయించాం. ఆమెకు ఆ ఆరు నెలలు చాలా భారంగా తోచాయి. అయినా నా అనుభవంలో తొందరపడి పంపిన ఫైలుకన్నా ఆలస్యంగా పంపిన నిండు ఫైలే త్వరగా గమ్యం చేరుతుంది.

కారణం వెతకడం

పరీక్షలను బీమా కోసం కాక, కారణం తేల్చడం కోసమే మొదలుపెట్టాం. ఈ తేడాను నేను గట్టిగా పట్టుకుంటాను. ముందే జవాబు నిర్ణయించుకుని దానికి పరీక్షలు వెతికితే, చదివేవారికి అది ఇట్టే తెలిసిపోతుంది, పైగా రోగికి తప్పు శస్త్రచికిత్స జరిగే ప్రమాదం ఉంది.

థైరాయిడ్, కార్టిసాల్ పరీక్షలు మామూలుగా వచ్చాయి. బేరియం పరీక్షలో, పొట్టకు సీటీ స్కాన్‌లో రెండు విషయాలు తేలాయి. స్లీవ్ పై భాగంలో ఫండస్ (జీర్ణాశయం పైనున్న గుండ్రటి భాగం) కొంత మిగిలిపోయి, ఏళ్ల తరబడి సాగి సంచిలా తయారైంది. గొట్టం మధ్యలో, ఇన్సిసురా అనే వంపు దగ్గర ఇరుకు ఏర్పడింది. ఎండోస్కోపీలో మూడు సెంటీమీటర్ల హయాటల్ హెర్నియా (జీర్ణాశయం పై భాగం ఛాతీలోకి జారడం), అన్నవాహిక కింది భాగంలో లాస్ ఏంజలిస్ వర్గీకరణ ప్రకారం ‘సి’ శ్రేణి (తీవ్రమైన) పుండ్లు కనిపించాయి. మాత్రలు ఆపి అన్నవాహికలోకి వచ్చే ఆమ్లాన్ని కొలిచే ఇరవైనాలుగు గంటల పీహెచ్ పరీక్ష చేస్తే అన్నవాహిక మొత్తం సమయంలో 11 శాతం ఆమ్లంలో మునిగి ఉంది. 6 శాతం దాటితే రిఫ్లక్స్ వ్యాధి (జీర్ణాశయ ఆమ్లం అన్నవాహికలోకి పైకి రావడం) ఖాయమని లియాన్ ఏకాభిప్రాయ ప్రమాణం చెబుతుంది. అన్నవాహిక లోపలి పీడనాన్ని కొలిచే మానోమెట్రీలో దాని కదలికలు మామూలుగానే ఉన్నాయి, అంటే మింగడంలో లోపం ఇంకెక్కడి నుంచో రావడం లేదు.

ఇరుకు వల్ల ఏం జరుగుతుందో బీమా సంస్థల సమీక్షకులకు చాలామందికి తెలియదు, రోగులకూ తెలియదు. గట్టి పదార్థాలు, ముఖ్యంగా మాంసకృత్తులు ఎక్కువగా ఉన్నవి, ఆ ఇరుకు దగ్గర ఆగి నొప్పినీ వాంతినీ కలిగిస్తాయి. మెత్తనివి, తియ్యనివి, ద్రవ రూపంలో ఉన్నవి మాత్రం హాయిగా జారిపోతాయి. రోగి తనకు తెలియకుండానే నొప్పి పెట్టని ఆహారం వైపు మళ్లుతారు, ఆ ఆహారంలోనే శక్తి ఎక్కువ, కడుపు నిండిన భావన తక్కువ. బయటినుంచి చూసేవారికి ఇది క్రమశిక్షణ లేకపోవడంలా కనిపిస్తుంది.

రిఫ్లక్స్ వైపు నుంచి మరో దారి ఉంది. రాత్రి దగ్గును కొన్నేళ్లుగా ఆస్తమాగా భావించి చికిత్స చేస్తున్నారు. మందుల చీటీలు వరుసగా పేర్చి చూస్తే, దగ్గు తీవ్రమైన ప్రతిసారీ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రల కోర్సు కనిపించింది. స్టెరాయిడ్లు ఆకలినీ రక్తంలో చక్కెరనూ పెంచుతాయి, కొవ్వు పేరుకునేలా చేస్తాయి. బరువుల పట్టికను, స్టెరాయిడ్ కోర్సుల తేదీలను ఒకే కాగితం మీద గీసినప్పుడు, బరువు మెట్లు మెట్లుగా ఎక్కిన చోట్ల చాలావరకు ఒక కోర్సు ఉంది. దగ్గుకు కారణం రిఫ్లక్సే అని పీహెచ్ పరీక్షలో దగ్గు వచ్చిన వేళలు, ఆమ్లం పైకి వచ్చిన వేళలు కలిసిపోవడం సూచించింది. బరువు, మంట, దగ్గు, చక్కెర అన్నవి నాలుగు వేర్వేరు జబ్బులుగా నాలుగు విభాగాల్లో నడుస్తున్నాయి. వాటి వెనుక ఉన్నది ఒకే శరీర నిర్మాణ లోపం.

పాత రికార్డులు

రివిజన్ ఫైలుకు మొదటి శస్త్రచికిత్స ఆపరేషన్ నోట్ లేకపోతే ఆ ఫైలును నేను పంపను. దాన్ని సంపాదించడానికి చాలా సమయం పట్టింది, ఎందుకంటే ఆ ఆసుపత్రి పాత కాగితపు ఫైళ్లను వేరేచోట భద్రపరిచింది. చివరకు దొరికిన నోట్‌లో, శస్త్రచికిత్స సమయంలో హయాటల్ హెర్నియా లేదని చూసి నమోదు చేశారు. ఈ ఒక్క వాక్యం ఎంతో విలువైనది: ఇప్పుడున్న హెర్నియా మొదటి శస్త్రచికిత్సకు తరువాత ఏర్పడిందని దానివల్ల రుజువైంది.

‘నియమాలు పాటించకపోవడం’ అన్న ఆరోపణ ఎక్కడినుంచి వచ్చిందో కూడా పాత రికార్డుల్లోనే దొరికింది. నాలుగో ఏడాది ఒక ఫాలో-అప్ చీటీలో చేతిరాతతో ఒక వాక్యం ఉంది: ‘ఆహార నియమాలు సరిగా పాటించడం లేదు, సలహా ఇచ్చాం.’ ఇంకేమీ లేదు. ఏమి తింటున్నారు, ఎందుకు తింటున్నారు, వాంతులు ఉన్నాయా అన్న ప్రస్తావన లేదు. అదే నెలలో ఊపిరితిత్తుల విభాగం చీటీలో రెండు వారాల ప్రెడ్నిసొలోన్ రాసి ఉంది. అప్పటి రద్దీలో ఎవరో రాసి వదిలిన ఆ వాక్యం, ఐదేళ్ల తరువాత ఒక మనిషికి చికిత్సను నిరాకరించడానికి కారణమైంది. ఫాలో-అప్ నోట్లు రాసే ప్రతి ఒక్కరికీ నేను ఈ చీటీ చూపిస్తాను. రోగి తినలేకపోతున్నారా, తినకుండా ఉండలేకపోతున్నారా అన్నది తేల్చకుండా అలాంటి వాక్యం రాయకూడదు.

ఆరు నెలల పర్యవేక్షణ

ఈ భాగం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, కానీ రెండు చిక్కులు చెప్పాలి. పాలసీలు ‘ఆరు నెలలు’ అన్నప్పుడు సాధారణంగా వరుసగా ఆరు నెలలని అర్థం. మధ్యలో ఒక నెల సందర్శన తప్పితే లెక్క మళ్లీ మొదటికొచ్చే పాలసీలు ఉన్నాయి. అందుకే ప్రతి సందర్శనలో తేదీ, బరువు, ఆహారం, వ్యాయామం, వైద్యుని సంతకం తప్పనిసరిగా ఉండేలా ఒకే నమూనా వాడాం.

రెండో చిక్కు రోగుల్ని భయపెడుతుంది. ఈ ఆరు నెలల్లో బరువు తగ్గి బీఎంఐ 35 కంటే దిగువకు వస్తే అర్హత పోతుందేమోనని వారు నిజంగా ప్రయత్నించడానికి జంకుతారు. దీనికి జవాబు పాలసీని బట్టి ఉంటుంది. కార్యక్రమం మొదలైన రోజు బరువును ప్రామాణికంగా తీసుకుంటారా అని బీమా సంస్థను రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును ఫైలులో పెట్టుకోవాలి. ఈ కేసులో మొదటి రోజు బరువే తీసుకుంటామని జవాబు వచ్చింది. ఆమె నాలుగు కిలోలు తగ్గారు. బరువు తగ్గించే మందు సెమాగ్లూటైడ్ కూడా ప్రారంభించాం. ఆ మందు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఆమెకు వాంతులు, రిఫ్లక్స్ మరింత పెరిగి మూడో నెలలో ఆపవలసి వచ్చింది. మందుతో ప్రయత్నించి చూశారా అన్న ప్రశ్న ఈ రోజుల్లో దాదాపు ప్రతి సమీక్షలో వస్తుంది. ప్రయత్నించిన తీరు, ఆపిన కారణం ఫైలులో ఉండాలి.

మానసిక నిపుణుల నివేదికలో ఒక వాక్యం మా సిబ్బందిలో కొందరిని కలవరపెట్టింది. ఒత్తిడి ఎక్కువైన రోజుల్లో భోజనాల మధ్య కొద్దికొద్దిగా తింటూ ఉండే అలవాటు ఆమెకు ఉందని, దానికి కౌన్సెలింగ్ మొదలుపెట్టామని అందులో రాశారు. దాన్ని తీయించమని ఎవరూ అడగకూడదని చెప్పి యథాతథంగా పంపాను. అది నిజం. శస్త్రచికిత్స తరువాత ఆమె బాగోగులు ఆ అలవాటును గుర్తించి సరిచేయడం మీద కూడా ఆధారపడి ఉంటాయి. అదీకాక, ఏ మచ్చా లేని ఫైలును సమీక్షకులు అనుమానంతోనే చదువుతారు.

తిరస్కరణ, సంభాషణ, అప్పీలు

కొత్త దరఖాస్తులో కోరిన శస్త్రచికిత్స: స్లీవ్‌ను రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్‌గా మార్చడం, దానితోపాటు హయాటల్ హెర్నియాను సరిచేయడం. రోగ నిర్ధారణల వరుస కూడా ముఖ్యమే. స్థూలకాయాన్ని కాక, అన్నవాహిక పుండ్లతో కూడిన రిఫ్లక్స్ వ్యాధినీ, మునుపటి శస్త్రచికిత్స తరువాతి సమస్యనూ ముందు పెట్టి, స్థూలకాయం, మధుమేహం, స్లీప్ అప్నియాలను తరువాత పెట్టాం. ఇది మభ్యపెట్టడం కాదు. ఆమెకు బరువు పెరగకపోయినా ఆ అన్నవాహికకు ఈ శస్త్రచికిత్సే అవసరమయ్యేది.

అయినా దరఖాస్తు మళ్లీ తిరస్కరణకు గురైంది, ఈసారి జీవితకాల పరిమితి ఒక్కటే కారణం. పీర్-టు-పీర్ అని పిలిచే, వైద్యునికీ బీమా సంస్థ వైద్యునికీ మధ్య జరిగే ఫోన్ సంభాషణను వెంటనే కోరాం. అవతలి వైద్యురాలు మర్యాదగా, సూటిగా అడిగారు: “ఇది బరువు కోసం చేసే శస్త్రచికిత్సా, రిఫ్లక్స్ కోసం చేసేదా?”

ఆ ప్రశ్నకు సిద్ధంగా లేనివారు ‘రిఫ్లక్స్ కోసమే’ అని తడుముకుంటారు, అప్పుడు ‘అయితే హెర్నియా సరిచేస్తే చాలు కదా’ అన్న ప్రశ్న వస్తుంది. నేను ఇలా చెప్పాను: శస్త్రచికిత్స ఒకటే, అవసరాలు రెండు. రిఫ్లక్స్‌కు మామూలుగా చేసే ఫండోప్లికేషన్‌లో ఫండస్‌ను అన్నవాహిక చుట్టూ చుట్టాలి. స్లీవ్‌లో ఫండస్‌లో అధిక భాగం ఎప్పుడో తొలగించారు, మిగిలింది ఆ పనికి చాలదు. హెర్నియా ఒక్కటే కుడితే కింద ఇరుకు, గొట్టంలోని అధిక పీడనం అలాగే ఉంటాయి, ఆమ్లం మళ్లీ పైకే వస్తుంది. బైపాస్‌లో చిన్న సంచిని మాత్రమే మిగిల్చి దాన్ని నేరుగా పేగుకు కలుపుతాం కాబట్టి ఇరుకును దాటవేస్తాం, అన్నవాహిక వైపు వెళ్లే ఆమ్లం చాలా తగ్గుతుంది, పీడనమూ దిగుతుంది. స్లీవ్ తరువాత తీవ్రమైన రిఫ్లక్స్‌కు బైపాస్‌గా మార్చడం స్థిరపడిన చికిత్స. మధుమేహానికీ బరువుకూ మేలు జరుగుతుంది, దాన్ని దాచవలసిన పని లేదు.

జీవితకాల పరిమితిని పక్కన పెట్టే అధికారం తనకు లేదని, అయితే సమస్యల నిబంధన కింద అప్పీలు చేస్తే, మొదటి శస్త్రచికిత్సకూ ఇప్పటి లోపానికీ సంబంధాన్ని చూపే ఆధారం ముందుండాలని ఆ వైద్యురాలు సూచించారు. ఈ మాట విలువ తెలిసినవారు ఈ సంభాషణను గెలుపోటములతో లెక్కించరు. అవతలివారు ఏ వాక్యం మీద నిలబడ్డారో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం లేదు.

అప్పీలు లేఖ మూడు పేజీలు. ప్రతి పేరా పాలసీలోని ఒక వాక్యంతో మొదలై, దానికి ఆధారం ఫైలులో ఏ పేజీలో ఉందో చెప్పి ముగిసింది. పాత ఆపరేషన్ నోట్‌లోని హెర్నియా వాక్యం, ఇప్పటి ఎండోస్కోపీ ఫొటో పక్కపక్కన ఉంచాం. స్టెరాయిడ్ తేదీలతో గీసిన బరువు గ్రాఫును నియమాలు పాటించలేదన్న పాత ఆరోపణకు జవాబుగా పెట్టాం, ఎందుకంటే తాజా తిరస్కరణలో అది లేకపోయినా పాత ఫైలులో ఇంకా ఉంది. రోగి స్వయంగా ఒక పేజీ రాశారు. అందులో బతిమాలడం లేదు. ఎలా నిద్రపోతున్నారో, ఏమి మింగలేకపోతున్నారో, ఉద్యోగంలో ఏ పనులు మానేశారో మాత్రమే ఉంది. అప్పీలును బేరియాట్రిక్ శస్త్రచికిత్స తెలిసిన వైద్యునిచేతే సమీక్ష చేయించాలని రాతపూర్వకంగా కోరాం.

అప్పీలు ఆమోదం పొందింది. సమస్యల నిబంధననే ఆధారంగా చూపుతూ లేఖ వచ్చింది.

నిబంధనలు ఎక్కడికక్కడ వేరు

పాత ప్రమాణాలు ఇంకా చాలా పాలసీల్లో జీవించి ఉన్నాయి. బీఎంఐ 40, లేదా జబ్బులతో కలిసి 35 అన్న హద్దు 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఏకాభిప్రాయ ప్రకటన నుంచి వచ్చింది. 2022లో అమెరికన్ సొసైటీ ఫర్ మెటబాలిక్ అండ్ బేరియాట్రిక్ సర్జరీ, అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్సో కలిసి దాన్ని మార్చాయి: బీఎంఐ 35 ఉంటే జబ్బులతో నిమిత్తం లేకుండా, 30 నుంచి 35 మధ్య ఉంటే జీవక్రియ జబ్బులను బట్టి శస్త్రచికిత్సను సూచించవచ్చు, ఆసియా జనాభాకు 27.5 నుంచే పరిగణించవచ్చు. పాలసీ పాత హద్దు మీదే నడుస్తుంటే ఈ కొత్త మార్గదర్శకాన్ని అప్పీలుకు జతచేయడం సబబే, కానీ అదొక్కటే పాలసీ వాక్యాన్ని మార్చలేదు.

భారతదేశంలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో స్థూలకాయ శస్త్రచికిత్సకు షరతులు పెట్టారు: వైద్యుని సలహా, వైద్య ప్రోటోకాల్ మద్దతు, 18 ఏళ్లు నిండడం, బీఎంఐ 40; లేదా 35తోపాటు తీవ్రమైన స్లీప్ అప్నియా, అదుపులో లేని టైప్ 2 మధుమేహం, గుండె రక్తనాళాల జబ్బు, స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండర జబ్బుల్లో ఏదైనా ఉండి, ఇతర తేలికపాటి పద్ధతులు విఫలమై ఉండడం. రెండోసారి శస్త్రచికిత్స గురించి ఆ వాక్యాల్లో విడిగా ఏమీ లేదు కాబట్టి అర్హతను మళ్లీ మొదటినుంచి చూపాలి. తిరస్కరణ మీద ముందు సంస్థలోని ఫిర్యాదుల విభాగానికి, తరువాత బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోని పాలసీల్లో, సంస్థలోపలి అప్పీలు విఫలమైతే వైద్యపరమైన నిర్ణయాల మీద నాలుగు నెలల్లోగా స్వతంత్ర బాహ్య సమీక్ష కోరవచ్చు. యజమాని సొంత నిధులతో నడిపే పథకమైతే, బేరియాట్రిక్ శస్త్రచికిత్సను చేర్చాలా వద్దా అన్నది యజమానే నిర్ణయిస్తారు. పూర్తి మినహాయింపు ఉన్నచోట వైద్యుని లేఖకన్నా ఉద్యోగి తన సంస్థ మానవ వనరుల విభాగానికి రాసే లేఖకే బలం ఎక్కువ.

అందరికీ ఇలాంటి లోపం దొరకదు. పరీక్షలన్నీ మామూలుగా వచ్చి, వ్యాధి తన స్వభావం కొద్దీ తిరగబెట్టిన రోగులూ ఉన్నారు, వారి బాధ ఇంతకన్నా తక్కువేమీ కాదు. వారికోసం లేని రిఫ్లక్స్‌ను సృష్టించి రాయడం నేరం, రేపు మరో నిజమైన ఫైలును కూడా అది అబద్ధంలా చూపిస్తుంది. అలాంటివారికి రెండో శస్త్రచికిత్సను అర్హత ప్రమాణాల కింద మళ్లీ పరిగణించే పాలసీనా కాదా అన్నది ముందే చూసి, కాకపోతే ఆ సంగతి మొదటి రోజే చెప్పి, మందుల దారిని వివరంగా చర్చిస్తాను.

అనుమతి తరువాత

అనుమతి లేఖను చదవడం కూడా పనిలో భాగమే. వచ్చిన లేఖలో బైపాస్ ఉంది, హెర్నియా సరిచేయడం లేదు. అలాగే శస్త్రచికిత్సకు వెళ్లి ఉంటే ఆ భాగం బిల్లు రోగి మీద పడేది. చేరే తేదీకి ముందే దాన్ని చేర్పించి సవరించిన లేఖ తెప్పించాం. అనుమతికి గడువు తేదీ ఉంటుంది, మత్తు వైద్యునితో సహా శస్త్రచికిత్స బృందంలో ప్రతి ఒక్కరూ పాలసీ నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో చూసుకోవాలి.

శస్త్రచికిత్సలో కాలేయానికీ స్లీవ్‌కూ మధ్య అతుకులు గట్టిగా ఉండి, వాటిని విడదీయడానికే ఎక్కువ సమయం పట్టింది. రివిజన్‌లో కుట్లు లీక్ కావడం వంటి ప్రమాదాలు మొదటి శస్త్రచికిత్సకన్నా ఎక్కువని ఆమెకు ముందే స్పష్టంగా చెప్పాం. ఆమె విషయంలో అలాంటిదేమీ జరగలేదు, మూడో రోజు ఇంటికి వెళ్లారు. రెండో నెలలో ఆమ్లం మాత్రలు తగ్గించడం మొదలుపెట్టి నాలుగో నెలకు ఆపాం. ఆస్తమా మందులను ఊపిరితిత్తుల వైద్యుడు క్రమంగా తీసేశారు. ఏడాదికి బరువు 76 కిలోలు, బీఎంఐ 29.7, హెచ్‌బీఏ1సీ మధుమేహ మందు మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో 6.0. ఎండోస్కోపీలో అన్నవాహిక పుండ్లు మానాయి.

బైపాస్ తరువాత విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి, రక్తపరీక్షలు ఏటా చేయాలి. మాత్రల ఖర్చు ఆమె పాలసీలో లేదు, పరీక్షలు మాత్రం ‘శస్త్రచికిత్స అనంతర పర్యవేక్షణ’ కింద వస్తున్నాయి. ఆ కారణాన్ని ప్రతి పరీక్ష చీటీ మీద రాసి పంపుతున్నాం. కౌన్సెలింగ్ కొనసాగుతోంది. ఆమె ఫాలో-అప్ నోట్‌లో ఇప్పుడు ఆహారం గురించి రాసే చోట ఏమి తిన్నారు, ఏది మింగలేకపోయారు, ఏయే కొత్త మందులు మొదలయ్యాయి అన్న మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబులు నింపుతున్నాం.